వంటింటి నవీకరణ: తెలుగు ఇళ్లలో ప్రణాళిక, వ్యయం, పద్ధతి

ఉన్న ఇంటిలో వంటగది నిర్మాణాన్నో, అమరికనో, సామగ్రినో మార్చి, ఆ ఇంటి వంటపనికీ కుటుంబానికీ తగినట్టు తీర్చిదిద్దుకోవడాన్ని వంటింటి నవీకరణ అంటారు. గోడకు రంగు వేసి, కారుతున్న కొళాయి మార్చి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించుకోవడం మొదలుకొని, గోడ తీసివేసి, నేల తవ్వి, గొట్టాలన్నీ కొత్తగా వేసి, గట్టూ అరలూ పూర్తిగా మార్చడం వరకు దీని పరిధి విస్తరించి ఉంటుంది. తెలుగు రాష్ట్రాలలోని దుకాణాలు, ప్రకటనలు ఈ పని మొత్తాన్నీ ‘మాడ్యులర్ కిచెన్’ అనే ఒక్క మాటతో వ్యవహరిస్తున్నాయి గాని, ఆ మాట నిజానికి కర్మాగారంలో కొలతల ప్రకారం ముందుగా చేసి, ఇంటికి తెచ్చి బిగించే పెట్టెల అమరికకు మాత్రమే చెల్లుతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల, షట్టర్ల రంగు ఏదైతే బాగుంటుందని వారాల తరబడి చర్చించే కుటుంబం ఆ షట్టర్ల వెనుక గోడలో నడిచే నీటి గొట్టాన్నీ విద్యుత్ తీగనూ గురించి ఒక పూట కూడా ఆలోచించకుండానే పని మొదలుపెడుతుంది. చేతిలో ఉన్న సొమ్ము ఎంతైనా, మొదటి రూపాయి కంటికి కనిపించని ఈ వ్యవస్థలకే చెందాలి; మిగిలినదానితోనే కనిపించే అందం కొనుక్కోవాలి.

చారిత్రక నేపథ్యం

తెలుగు వంటిల్లు చాలాకాలం కూర్చుని వంట చేసే చోటు. కట్టెల పొయ్యి నేలమీద ఉండేది. కత్తిపీట, రోలు, సన్నికల్లు, రుబ్బురోలు అన్నీ కూర్చున్న మనిషి చేతి అందుబాటును బట్టి ఏర్పడ్డవే. గోడలలో గూళ్లు, పైన అటక, దూలానికి వేలాడే ఉట్టి సామాను దాచుకోవడానికి ఉపయోగపడేవి. స్థితిమంతుల ఇళ్లలో పొగ, నిప్పు భయం వల్ల వంటసాలను ప్రధాన గృహానికి వెనుకగానో విడిగానో కట్టుకునేవారు. అంట్లు తోమడం, పప్పులు కడగడం వంటి నీటి పనులన్నీ పెరటిలో బావి దగ్గరే జరిగేవి కాబట్టి వంటింటి లోపల నీటి ఏర్పాటు దాదాపు ఉండేది కాదు. తరువాత వచ్చిన బొగ్గుల కుంపటి, పొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టౌ కూడా నేలమీదనే ఉండి ఈ అమరికను పెద్దగా మార్చలేదు.

మార్చినది వంటగ్యాసు. ఇండేన్ సిలిండర్ల సరఫరా 1965లో కలకత్తాలో మొదలై క్రమంగా దేశమంతటికీ విస్తరించింది. సిలిండరు కింద, పొయ్యి దానికంటె ఎత్తున ఉండాలన్న భద్రతా నియమం వల్ల గట్టు తప్పనిసరి అయింది. కూర్చుని వండే మనిషి నిలబడవలసి వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చేందుకు ప్రారంభించిన దీపం పథకం, 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం ఈ మార్పును పల్లె ఇళ్లలోకి తీసుకువెళ్లాయి. కూర్చుని వండడానికి కట్టిన గదిలోనే ఒక గోడ పొడవునా సిమెంటు గట్టు పోసి, దాని మీద స్టౌ పెట్టుకున్న ఇళ్లు ఈనాటికీ అసంఖ్యాకంగా ఉన్నాయి. నేడు నవీకరణకు వచ్చే వంటిళ్లలో పెద్ద భాగం ఇలాంటివే: వాటి కిటికీలు, గూళ్లు, వెలుతురు కూర్చున్న మనిషి కోసం, గట్టు మాత్రం నిలబడ్డ మనిషి కోసం.

నిలబడి పనిచేసే వంటింటిని శాస్త్రీయంగా పరిశీలించడం పాశ్చాత్య దేశాలలో ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో ఆరంభమైంది. కర్మాగారాలలో కార్మికుల కదలికలను కొలిచే పద్ధతిని అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్, లిలియన్ గిల్‌బ్రెత్ వంటివారు ఇంటిపనికి అన్వయించారు. ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహసముదాయాల కోసం సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల చిన్న వంటగదిని రూపొందించారు. రైలు భోజనశాల పెట్టెలోని వంటగదిని పరిశీలించి, ప్రతి వస్తువూ అడుగు తీసి అడుగు వేయకుండా అందేలా అమర్చిన ఈ నమూనా వేల ఇళ్లలో అమలైంది. నేటి మాడ్యులర్ వంటిల్లు దీని వారసురాలే. తరువాత 1940లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనల నుంచి ‘పని త్రికోణం’ అన్న సూత్రం ప్రచారంలోకి వచ్చింది. పొయ్యి, సింకు, ఫ్రిజ్ అనే మూడింటినీ కలిపే ఊహాత్మక త్రికోణంలో ఒక్కొక్క భుజం 4 నుంచి 9 అడుగుల మధ్య, మూడు భుజాల మొత్తం 26 అడుగులకు మించకుండా ఉండాలని దాని సారాంశం.

వంటపనిని బట్టి అమరిక

ఈ త్రికోణాన్ని తెలుగు వంటింటికి యథాతథంగా తెచ్చి అతికించడం సరికాదు. రొట్టె, మాంసం, డబ్బా ఆహారం ప్రధానమైన వంటకు ఫ్రిజ్ ఒక మూలస్తంభం కావచ్చు గాని, ఉదయం ఇడ్లీకో పెసరట్టుకో పిండి రుబ్బి, మధ్యాహ్నం పప్పూ కూరా పచ్చడీ చారూ చేసే ఇంటిలో మిక్సీ, గ్రైండరు ఉండే చోటు ఫ్రిజ్ కంటె ఎక్కువసార్లు పని చూస్తుంది. అలాగే అంట్లు తోమే చోటు. చాలా తెలుగు ఇళ్లలో వంటింటి సింకులో కూరలు కడిగి, గిన్నెలను మాత్రం వెనుక ఉండే వాష్ ఏరియాలో తోముతారు. అపార్ట్‌మెంట్లలో దానినే యుటిలిటీ అంటున్నారు. అందువల్ల ఇక్కడి అమరికను నిర్ణయించవలసినది త్రికోణం కాదు, బియ్యం డబ్బా నుంచి సింకుకు, సింకు నుంచి తరిగే చోటుకు, అక్కడి నుంచి రుబ్బే చోటుకు, పొయ్యికి, చివరకు వాష్ ఏరియాకు సాగే వరుస. ఈ వరుస మధ్యలో నడక దారి గాని, ఫ్రిజ్ తలుపు గాని అడ్డురాకుండా చూసుకుంటే, గది చిన్నదైనా పని తేలికవుతుంది. ప్రణాళికకు ముందు ఒక వారం పాటు వంట చేసేవారు ఎక్కడెక్కడికి తిరుగుతున్నారో, ఏ వస్తువు కోసం వంగుతున్నారో, ఏది అందక పిలుస్తున్నారో కాగితం మీద రాసుకుంటే, అది ఏ డిజైనరు గీసే రంగుల బొమ్మకన్నా విలువైన పత్రం అవుతుంది.

గది విస్తీర్ణానికి జాతీయ భవన నిర్మాణ స్మృతి కనీస ప్రమాణాలను నిర్దేశించింది. భోజనానికి వేరే చోటున్న ఇంటిలో వంటగది 5 చదరపు మీటర్లకు, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు. సామాను గది విడిగా ఉంటే 4.5 చదరపు మీటర్లు సరిపోతుంది. వంటింట్లోనే భోజనం చేసే పక్షంలో 7.5 చదరపు మీటర్ల విస్తీర్ణం, 2.1 మీటర్ల వెడల్పు ఉండాలి. గది ఆకారాన్ని బట్టి గట్టును ఒకే గోడకు, ఎదురెదురు గోడలకు, ‘ఎల్’ ఆకారంలో, ‘యు’ ఆకారంలో వేస్తారు. ఎదురెదురు గట్ల మధ్య ఒక మనిషి వంగి సొరుగు లాగినప్పుడు వెనుక మరొకరు దాటిపోవాలంటే కనీసం నాలుగడుగుల దూరం కావాలి. ఆరడుగుల వెడల్పు గదిలో రెండడుగుల లోతు గట్లను రెండు వైపులా వేస్తే మధ్యన రెండడుగులే మిగులుతుంది కాబట్టి అటువంటి చోట ఒక గట్టును అడుగు లోతుకు తగ్గించి సామాను అరగా వాడుకోవడమే మేలు.

గట్టు ఎత్తు గురించి మరికొంత వివరంగా చెప్పుకోవాలి. నిలబడి మోచేయి మడిచినప్పుడు మోచేయి ఉండే ఎత్తుకు 10 నుంచి 15 సెంటీమీటర్లు తక్కువలో తరిగే గట్టు ఉండాలన్నది శరీరశ్రమ శాస్త్రం చెప్పే సాధారణ నియమం. అయిదడుగుల ఎత్తున్న స్త్రీకి ఇది సుమారు 32, 33 అంగుళాలు అవుతుంది. విదేశీ పట్టికలను అనుసరించి తయారయ్యే పెట్టెలు 34 నుంచి 36 అంగుళాల ఎత్తు రావడం, ఆ గట్టు మీద మరో నాలుగైదు అంగుళాల ఎత్తున్న మామూలు గ్యాసు స్టౌ పెట్టడం, దాని మీద లోతైన గిన్నె ఎక్కడం వల్ల, పులిహోర కలిపేటప్పుడో పాలు పొంగేటప్పుడో ఆ మనిషి భుజం ఎత్తి, మునివేళ్ల మీద నిలబడవలసి వస్తుంది. మెడనొప్పి, భుజాల నొప్పి వయసు వల్ల వచ్చాయనుకునే ఎందరో గృహిణుల బాధకు గట్టు ఎత్తు కూడా ఒక కారణం కావచ్చునన్న ఆలోచన ఇళ్లలో రావలసినంతగా రాలేదు. పరిష్కారం కష్టమైనది కాదు: పొయ్యి ఉండే భాగాన్ని నాలుగంగుళాలు దించి కట్టుకోవచ్చు, లేదా గట్టులోకి దిగబడే హాబ్ అమర్చుకోవచ్చు. సింకు విషయం దీనికి తలకిందులు. దాని అడుగు గట్టు కంటె ఏడెనిమిది అంగుళాలు లోతున ఉంటుంది కాబట్టి ఆ భాగం కొంచెం ఎత్తుగా ఉంటేనే నడుము వంగదు. ఇంట్లో ఇద్దరు వండేవారుండి ఇద్దరి ఎత్తులూ వేరైతే ఎక్కువ సమయం వండేవారి కొలతే ప్రమాణం కావాలి.

వాస్తును పాటించే కుటుంబాలు వంటగది ఆగ్నేయంలో ఉండాలనీ, వండేవారు తూర్పుముఖంగా నిలబడాలనీ, నిప్పూ నీరూ పక్కపక్కన ఉండకూడదనీ కోరుకుంటాయి. వీటిలో చివరిది పనికి కూడా అనుకూలమే, ఎందుకంటే కాగుతున్న నూనెలో సింకు నీటి తుంపరలు పడకుండా రెండింటి మధ్య కనీసం రెండడుగుల గట్టు ఉండటం అవసరం. కాని దిక్కు కోసం సింకును ఎదుటి గోడకు మార్చవలసి వస్తే, దాని పర్యవసానాన్ని ముందే లెక్కవేసుకోవాలి.

నీరు, విద్యుత్తు, గ్యాసు, గాలి

సింకు నుంచి మురుగు పోయే గొట్టానికి వాలు ఉండాలి. 40 సెంటీమీటర్ల పొడవుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఇస్తే, సింకును మూడు మీటర్ల దూరం జరిపినప్పుడు గొట్టం చివర 7.5 సెంటీమీటర్లు దిగాలి. సొంత ఇంటి కింది అంతస్తులో ఇది నేల తవ్వితే తీరే సమస్య. అపార్ట్‌మెంటులో నేల కింద ఉన్నది పొరుగువారి పైకప్పు కాబట్టి, అంత లోతు దొరక్క గొట్టాన్ని దాదాపు సమతలంగా వేస్తారు. వాలు లేని గొట్టంలో నూనె, పప్పుకట్టు, గంజి పేరుకుని కొన్ని నెలల్లోనే నీరు వెనక్కి తన్నుతుంది. అందుకే సింకు, మురుగు దారి ఉన్న చోటును వీలైనంతవరకు కదపకుండా, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవడం తక్కువ ఖర్చు నవీకరణకు మూలసూత్రం. పాత ఇళ్లలోని ఇనుప గొట్టాలు లోపల తుప్పుపట్టి సన్నబడి ఉంటాయి. గోడ తెరిచినప్పుడే వాటిని మార్చి, వేడినీటికి కూడా తట్టుకునే సీపీవీసీ గొట్టాలు వేయించుకోవాలి. ఆర్వో యంత్రం వదిలే నీటిని నేరుగా మురుగులోకి పోనీయకుండా వాష్ ఏరియాలోని తొట్టికి మళ్లించే చిన్న గొట్టాన్ని ఈ దశలోనే పెట్టుకోవచ్చు. దీనికయ్యే ఖర్చు స్వల్పం.

విద్యుత్తులో జరిగే సాధారణమైన తప్పు, ఒక్క తీగ మీద అన్ని యంత్రాలూ నడపడం. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 1200 వాట్ల మైక్రోవేవ్, 750 వాట్ల మిక్సీ ఒకేసారి నడిస్తే దాదాపు 4000 వాట్లు అవుతుంది; 230 వోల్టుల దగ్గర ఇది సుమారు 17 ఆంపియర్లు. ఇళ్లలో పవర్ పాయింట్లకు వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు సాధారణంగా పెట్టే 16 ఆంపియర్ల ఎంసీబీ పరిమితిని ఇది దాటిపోతుంది. కనుక వంటగదికి కనీసం రెండు వేర్వేరు సర్క్యూట్లు, గీజరు గాని పెద్ద ఓవెన్ గాని ఉంటే వాటికి 4 చదరపు మిల్లీమీటర్ల విడి తీగ, అన్నింటికీ ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఈ చివరి పరికరం తడి చేతికి విద్యుత్తు తగిలినప్పుడు క్షణంలో సరఫరా ఆపివేస్తుంది. వంటింట్లో కొనే వస్తువులలో ప్రాణం కాపాడేవాటిలో ఇది ముఖ్యమైనది. ప్లగ్ పాయింట్లు గట్టు పైన, సింకుకు దూరంగా, మిక్సీ వైరు పొయ్యి మీదుగా పోనవసరం లేని చోట ఉండాలి. వెలుతురు గది మధ్యలో ఒక్క దీపంతో సరిపెడితే గట్టు ముందు నిలబడ్డ మనిషి నీడ కత్తి మీదే పడుతుంది; పై అరల కింద చిన్న ఎల్‌ఈడీ పట్టీ దీనికి చవకైన మందు.

గ్యాసు విషయంలో సిలిండరు గ్యాసుకూ గొట్టపు గ్యాసుకూ ఉన్న భేదం గుర్తుంచుకోదగినది. 14.2 కిలోల గృహావసర సిలిండరులోని ఎల్‌పీజీ గాలికంటె బరువైనది, లీకైతే నేలమీద పేరుకుంటుంది. హైదరాబాద్, విజయవాడ వంటి నగరాలలో గొట్టాల ద్వారా ఇచ్చే సహజ వాయువు గాలికంటె తేలికైనది, కప్పు కిందికి చేరుతుంది. కాబట్టి మొదటిదానికి నేల దగ్గర, రెండోదానికి పైన గాలి దారులుండాలి. సిలిండరును మూసిన పెట్టెలో దాచడం నేటి ఫ్యాషన్. ఆ పెట్టె తలుపుకు కింది భాగంలో రంధ్రాలు లేకపోతే అది ప్రమాదకరం. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకు ఒకసారి మార్చాలన్న చమురు సంస్థల సూచనను పాటించాలంటే, గొట్టం అరల వెనుక ఇరుక్కుపోకుండా చేతికి అందేలా ఉండాలి.

పొగ విషయంలో తెలుగు వంట ప్రత్యేకమైనది. ఎండుమిర్చి తాలింపు ఘాటు ఇంటిల్లిపాదినీ దగ్గించగలదు, వేపుళ్ల నూనె ఆవిరి పై అరల తలుపుల మీద జిగటగా పేరుకుంటుంది. చిమ్నీలు రెండు రకాలు: గొట్టం ద్వారా గాలిని బయటికి పంపేవి, బొగ్గు వడపోతల గుండా తిప్పి గదిలోకే వదిలేవి. రెండో రకం వాసనను కొంత తగ్గిస్తుందేగాని వేడినీ తేమనూ తీసివేయలేదు. మన వంటకు మొదటిదే తగినది. పొయ్యి నుంచి చిమ్నీకి రెండడుగుల నుంచి రెండున్నర అడుగుల దూరం, బయటి గోడకు అతి తక్కువ పొడవు, అతి తక్కువ మలుపులు ఉన్న గొట్టం ఉండాలి. ఎంత శక్తిగల చిమ్నీ అయినా కిటికీలు తలుపులు బిగించిన గదిలో పనిచేయదు, ఎందుకంటే బయటికి పోయే గాలికి బదులు లోపలికి రావలసిన గాలికి దారి లేదు. చిమ్నీ కొనలేని ఇంటిలో పొయ్యి ఎదుటి గోడ పైభాగంలో బిగించిన మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎదురుగా తెరిచిన కిటికీ కలిసి ఆశ్చర్యపరిచేంత మేలు చేస్తాయి.

గట్టు, అరలు

గట్టు పైరాయి విషయంలో తెలుగు నేల అదృష్టవంతమైనది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి బ్లాక్ గెలాక్సీ పేరుతో ప్రపంచమంతటా అమ్ముడవుతోంది. భూగర్భ శాస్త్రరీత్యా అది గ్రానైటు కాదు, గాబ్రో జాతి శిల, అయినా వ్యాపారంలో గ్రానైటుగానే చెలామణి అవుతుంది. కరీంనగర్ ప్రాంతపు టాన్ బ్రౌన్ కూడా అంత ప్రసిద్ధమే. చింతపండు పులుసు, నిమ్మరసం, పసుపు, వేడి గిన్నె అన్నింటినీ ఈ రాళ్లు తట్టుకుంటాయి. పాలరాయి, కడప నల్లరాయి సున్నపు జాతివి కాబట్టి పులుపు తగిలినచోట మెరుపు పోతుంది. రాతి పొడిని జిగురుతో కలిపి తయారుచేసే క్వార్ట్జ్ పలకలు ఏకరీతి రంగుతో అందంగా ఉన్నా, వాటిలోని జిగురు పొయ్యి మీదనుంచి దించిన మూకుడు వేడికి చెడిపోతుంది, తెల్లవాటిపై పసుపు మరక నిలుస్తుంది. పైగా ఆ పలకలను పొడిగా కోసేటప్పుడు రేగే సిలికా ధూళి కోసే కార్మికుల ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికోసిస్ జబ్బుకు కారణమవుతోందని తేలి, ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని నిషేధించింది. ఏ రాయినైనా నీళ్లు పోస్తూ కోయాలని, ఇంట్లో పొడి కోత వద్దని యజమాని పట్టుబట్టడం ఆ పనివారి పట్ల కనీస ధర్మం. గట్టు అంచు అడుగున సన్నని గాడి తీయిస్తే కారిన నీరు కింది తలుపుల మీదికి పాకకుండా అక్కడే రాలిపోతుంది.

అరల నిర్మాణానికి రెండు దారులున్నాయి. కడప బండలను నిలువుగా నిలిపి అడ్డంగా అరలు కట్టి, పైన గ్రానైటు పరిచే పద్ధతి తెలుగు మేస్త్రీలకు కరతలామలకం. నీటికి ఉబ్బదు, చెదలు పట్టదు, పాతిక కిలోల బియ్యం బస్తాను ఎత్తి పడేసినా చలించదు. మొదట తలుపులు లేకుండా వదిలి, చేతిలో సొమ్ము ఆడినప్పుడు షట్టర్లు బిగించుకోవచ్చు. రెండోది చెక్క పెట్టెలది. ఇందులో పార్టికల్ బోర్డు చవకైనది గాని తడి తగిలితే ఉబ్బి విడిపోతుంది. వంటింటికి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ నమ్మదగినది. దాని జిగురు 72 గంటలపాటు మరిగే నీటి పరీక్షను తట్టుకోవాలి. అన్నిచోట్లా దానిని వాడలేకపోతే సింకు కింద, నేలకు ఆనే పెట్టెలకు దానినో పీవీసీ పలకనో వాడి, పై అరలకు తక్కువ రకం వాడుకోవచ్చు. బాస్కెట్లకూ సింకుకూ వాడే స్టీలులో 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు కాబట్టి తొందరగా తుప్పు మచ్చలు వస్తాయి. దుకాణాలలో అయస్కాంతం పెట్టి చూపే పరీక్ష ఈ రెండింటినీ వేరుచేయలేదు, ఎందుకంటే రెండూ దానికి అంటుకోవు; బిల్లు మీద రకం రాయించుకోవడమే దారి.

తెలుగు వంటింటి సామానులో ఏడాది పొడవునా వాడేవి, పండగకు తీసేవి, ఎండాకాలంలో మాత్రమే కావలసినవి అని మూడు తరగతులున్నాయి. పోపుల డబ్బా పొయ్యికి చేతిదూరంలో, బియ్యం నేల ఎత్తులో, ఆవకాయ జాడీలు చల్లగా చీకటిగా తడి తగలని కింది అరలో, గుండిగలూ జంతికల గొట్టాలూ అటక మీద ఉండాలి. జాడీల ఎత్తు కొలవకుండా చేయించిన అందమైన సొరుగులు ఆ తరువాత ఖాళీగా ఉండి, జాడీలు మంచం కిందికి చేరడం తరచుగా కనిపించే దృశ్యం.

వ్యయ స్థాయిలు

కొన్ని వేల రూపాయలు మాత్రమే ఉన్న కుటుంబం కారే కొళాయిలు, పాత గ్యాసు గొట్టం, బీటలిచ్చిన స్విచ్చి బోర్డు మార్చి, ఆర్‌సీసీబీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్, గట్టు మీది దీపం పెట్టించుకోవాలి. సున్నం వేసి, వాడని సామాను తీసివేస్తే గది సగం మారినట్టే. పాత షట్టర్ల చట్రం గట్టిగా ఉంటే పైన కొత్త సన్‌మైకా అంటించి, బందులు మార్చడం కొత్తవి చేయించడంలో కొద్ది భాగం ఖర్చుకే అవుతుంది. అద్దె ఇంటివారికి గోడకు బిగించని ఇనుప అరలు, చక్రాల బల్ల చాలు. ఇల్లు మారితే వెంట వస్తాయి.

లక్ష నుంచి రెండు మూడు లక్షల దాకా ఖర్చుపెట్టగలిగినవారికి గొట్టాలు, తీగలు, టైళ్లు, గ్రానైటు గట్టు, కడప బండల అరలు, వాటికి ప్లైవుడ్ షట్టర్లు అన్న కూర్పు అందుబాటులో ఉంటుంది. ఎక్కువ కాలం నిలిచే విషయంలో ఇది అంతకు రెట్టింపు ధరపలికే పూర్తి మాడ్యులర్ అమరికకు ఏమాత్రం తీసిపోదు. అంతకు మించి ఖర్చుపెట్టగలవారు నాణ్యమైన సొరుగు చానెళ్లు, మృదువుగా మూసుకునే బందులు, ఎపాక్సీ గ్రౌటుతో టైళ్లు వేయించుకోవచ్చు. ఈ గ్రౌటు మామూలు సిమెంటు గ్రౌటులా పసుపు, నూనె పీల్చుకోదు. గోడ తీసి వంటింటిని హాలులో కలిపే ఆలోచన ఉంటే అది భారం మోసే గోడ అవునో కాదో ఇంజనీరు చూసి చెప్పిన తరువాతే సుత్తి తీయాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల సమస్య వేరు. అక్కడి తెరిచిన వంటిళ్లలో తాలింపు వాసన పడకగదుల దాకా పాకుతుంది కాబట్టి, బయటికి గాలి పంపే హుడ్, లేదా వెనుకగా ‘స్పైస్ కిచెన్’ అనే రెండో చిన్న వంటగది కట్టించుకునేవారున్నారు. నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి గాలి లాగే హుడ్‌కు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటును అక్కడి గృహనిర్మాణ నమూనా నియమావళి కొన్ని సందర్భాలలో కోరుతుంది; గ్యాసు, విద్యుత్ మార్పులకు స్థానిక అనుమతి తీసుకోవలసి ఉంటుంది.

ఒప్పందం, పని క్రమం

ధరల పోలికలో ప్రధానమైన చిక్కు కొలత పద్ధతి. ఒకరు అడుగు పొడవుకు, మరొకరు షట్టరు చదరపు అడుగుకు, ఇంకొకరు పెట్టె లోపలి పలకలన్నీ కలిపి చదరపు అడుగుకు ధర చెబుతారు. మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడటం వృథా. మొత్తం ధర, అందులో చేరిన వస్తువులు, ప్లైవుడ్ రకం, స్టీలు రకం, చానెళ్ల తయారీ పేరు కాగితం మీద ఉండాలి. గోడ తెరిచాక బయటపడే తుప్పు గొట్టాల కోసం మొత్తంలో పదో వంతుకు పైగా విడిగా ఉంచుకోవాలి. సొమ్మును పని జరిగిన మేరకు విడతలుగా చెల్లించి, చివరి విడతను తలుపులన్నీ సరిగా మూసుకుని, సింకు నింపి ఒక్కసారిగా వదిలినా కింద చుక్క కారదని తేలేవరకు ఆపాలి.

పనికి అనువైన కాలం సంక్రాంతి తరువాత ఉగాది వరకు. వానాకాలపు తేమలో గోడల పూత, చెక్క ఆరవు. వేసవి మధ్యలో పని పెట్టుకుంటే ఆవకాయ పట్టే రోజులతో ఢీకొంటుంది. నాలుగైదు వారాల పాటు వరండాలోనో మరో గదిలోనో గాలి తగిలేచోట తాత్కాలిక పొయ్యి, నీళ్ల బకెట్టు ఏర్పాటు ముందే చేసుకోవాలి. కూల్చివేత, గొట్టాలు, తీగలు, పూత, నీరు ఇంకని పొర, టైళ్లు, గట్టు, ఒక దఫా రంగు, ఆ తరువాతే చెక్క అరలు అన్న వరుస మారకూడదు. అరల కొలతలు టైళ్లు వేసిన తరువాతే తీసుకోవాలి, ఎందుకంటే పూత, టైలు మందం కలిసి గోడను అంగుళానికి పైగా ముందుకు తెస్తాయి. ఆ కొలతల రోజున వంట చేసే మనిషి అక్కడే నిలబడి, గట్టు మీద చేయి పెట్టి చూడాలి. ఇంటి యజమాని, కాంట్రాక్టరు ఇద్దరే మాట్లాడుకుని తేల్చుకోకూడదు. గోడలు పూడ్చకముందే గొట్టాలు, తీగలు నడిచిన దారిని టేపు పెట్టి ఫొటోలు తీయించుకుని, ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచుకోవాలి. ఇరవై ఏళ్ల తరువాత మేకు కొట్టబోయే మనిషికి గోడ లోపల ఏముందో చెప్పగలిగేవి ఆ ఫొటోలే.